కంచె లేని దిక్కు

సాకేతం అనగానే తెలుగు పాఠకునికి అయోధ్య స్ఫురిస్తుంది. ఢిల్లీ నగరానికి దక్షిణాన ఉన్న సాకేత్ పేరుకు ఆ పురాణ నగరాన్ని తలపించినా, చూపుకు మాత్రం అచ్చమైన ఆధునిక పట్టణ శాఖ. ఢిల్లీ అభివృద్ధి సంస్థ కట్టిన అంతస్తుల ఇళ్లు, 2007లో తెరచిన విలాసవంతమైన అంగడి భవనం, 2010లో వచ్చిన మెట్రో స్టేషను, సాయంకాలమైతే కాలు పెట్టడానికి చోటు దొరకని రోడ్లు. ఈ సాకేత్‌లో నివసించే గృహస్థు ఎవరైనా తెల్లవారుజామున ఆటో ఎక్కి, మెహ్రౌలీ-బదర్‌పూర్ రోడ్డు వెంట తూర్పుగా పది కిలోమీటర్ల లోపు ప్రయాణం చేస్తే చిరుతపులి సంచరించే అడవి ముంగిట దిగుతాడు. ఆ మాట నమ్మని వారే ఎక్కువ. అక్కడి నివాసులలోనే చాలామంది ఆ అడవి ముఖం చూసి ఉండరు.

ఆ అడవి పేరు అసోలా భట్టీ వన్యప్రాణి అభయారణ్యం. వైశాల్యం 32.71 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలోని అతి ప్రాచీన పర్వతశ్రేణులలో ఒకటైన అరావళి గుజరాతు దిక్కునుంచి రాజస్థానం మీదుగా వందల కిలోమీటర్లు నడిచివచ్చి, అలసిపోయినట్లుగా ఢిల్లీలో తల వాల్చుతుంది. ఆ చివరి కొండలే ఢిల్లీవారు ‘రిడ్జ్’ అని పిలిచే ఎత్తునేల. దాని దక్షిణ భాగంలో ఉన్నది అసోలా.

దారి పొడవునా ఢిల్లీ తన వేషాలన్నీ వరుసగా చూపిస్తుంది. సాకేత్ దాటిన వెంటనే కుడివైపు సైనిక్ ఫార్మ్స్ అనే సంపన్నుల కాలనీ. ఎత్తైన ప్రహరీలు, వాటి వెనుక పెద్ద పెద్ద బంగళాలు. ఆ పైన కొద్ది దూరంలో సంగం విహార్. ఇరుకు సందులు, నీళ్ల ట్యాంకర్ కోసం వరుస తీరిన బిందెలు, తలకు తల ఆనించుకున్న ఇళ్లు. ఈ రెండూ అనుమతి లేకుండా పుట్టి పెరిగిన కాలనీలే. ఒకదాన్ని చూసి ముక్కు మీద వేలు వేసుకునేవారు రెండోదాన్ని చూసి ఈర్ష్యపడడం లోకరీతి. ఇంకా ముందుకు పోతే, గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో కట్టించ మొదలుపెట్టిన తుగ్లకాబాద్ కోట శిథిలాలు ఎడమవైపున, ఆయన సమాధి కుడివైపున కనిపిస్తాయి. ఈ కోట ఎడారిగానైనా మిగిలిపోతుంది, లేదా పశువుల కాపరులకైనా నెలవవుతుందని నిజాముద్దీన్ ఔలియా శపించినట్లు ఐతిహ్యం. అక్కడినుంచి సూరజ్‌కుండ్ దారిపట్టి, 1982 ఆసియా క్రీడల కోసం నిర్మించిన కర్ణీసింగ్ తుపాకీ పోటీల మైదానం పక్కకు చేరితే అభయారణ్యపు ద్వారం. అభయమనే మాటకూ తుపాకీ మోతకూ ఇంత పొరుగు కుదరడం ఢిల్లీలోనే సాధ్యం కాబోలు!

లోపల అడుగుపెట్టిన యాత్రికునికి తొలి అరగంట నిరాశే మిగులుతుంది. దట్టమైన అరణ్యాన్ని ఊహించుకుని వచ్చినవానికి ఎదురయ్యేది ఎర్రటి రాతినేల, ముళ్ల చెట్లు. వీటిలో అత్యధికం తెలుగువారు ‘సర్కారు తుమ్మ’ అని పిలిచే చెట్టే. మెక్సికో ప్రాంతపు ఈ మొక్కను, కొత్త రాజధాని నిర్మించే రోజుల్లో, బోడికొండలు త్వరగా పచ్చబడాలన్న ఆత్రంతో ఆంగ్ల ప్రభుత్వం ఢిల్లీకి తెచ్చి నాటించింది. కొండలు పచ్చబడిన మాట వాస్తవమే. కాని ఆ చెట్టు తన నీడలో మరో మొక్కను బ్రతకనివ్వదు. అరావళికి సహజమైన మోదుగ, ఊడుగ, తెల్ల తుమ్మ వంటివి మూలలకు ఒదిగిపోయాయి. వాటిని మళ్లీ నాటి పెంచే ప్రయత్నం అటవీశాఖ, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వంటి సంస్థల చేతుల మీదుగా సాగుతున్నది. ఫాల్గుణంలో ఒక మోదుగ చెట్టు ఆకులన్నీ రాల్చి నిప్పులా పూసినప్పుడు, చుట్టూ ఉన్న వేలాది సర్కారు తుమ్మలు దాని ముందు వెలవెలబోతాయి.

కళ్లు ఆ నేలకు అలవాటుపడిన తరువాత అడవి మెల్లగా తెర తీస్తుంది. పొదల నడుమ నిలబడి నిశ్చలంగా చూసే మనుబోతు. దుమ్ములో నెమలి ఈడ్చుకుపోయిన తోకగుర్తు. కౌజుపిట్టల పిలుపు, తీతువు పిట్ట గోల. ఎండ తగ్గాక కృష్ణజింకలు గడ్డిమైదానం అంచుకు వస్తాయి. వర్షాకాలం వెనుకబడ్డ రోజుల్లో సీతాకోకచిలుకలను చూడడానికే బడిపిల్లలను తీసుకువస్తారు. రాత్రిపూట తిరిగే ముళ్లపందినీ, నక్కనూ, దుమ్ములగొండినీ పగటి యాత్రికుడు చూడలేడు. వాటి అడుగుజాడలతో తృప్తిపడవలసిందే.

ఇక కోతుల సంగతి వేరే చెప్పాలి. ఢిల్లీ కార్యాలయాలలో దస్తాలు చించి, ఇళ్లలో చొరబడి భీభత్సం చేసిన కోతులను పట్టి అసోలాకు తరలించవలసిందిగా 2007లో హైకోర్టు ఆదేశించింది. ఆ యేడే అక్టోబరులో నగర ఉప మేయరు, కోతులను అదలించబోయి మేడమీదినుంచి పడి మరణించాడు. అటుపిమ్మట వేలాది కోతులు బోనులలో ఇక్కడికి చేరాయి. వీటికి పళ్లూ కూరగాయలూ ప్రభుత్వమే సమకూర్చింది. ప్రహరీలు వానరానికి అడ్డమా? గోడ దాటి చుట్టుపక్కల ఊళ్లలో పడ్డాయి. నగరం తనకు పొసగని ప్రాణిని ఊరి చివరకు నెట్టితే అక్కడివారు మోయవలసి వచ్చింది. ఊరి చివర ఉండేది ఎవరో చెప్పనవసరం లేదు.

అసోలా గ్రామం వైపు భాగాన్ని 1986లోనూ, భట్టీ భాగాన్ని 1991లోనూ అభయారణ్యంగా ప్రకటించారు. రెంటికీ నడుమ ఉన్న ఐదేళ్లలో ఒక పెద్ద కథ ముగిసింది. భట్టీ అంటే అప్పట్లో అడవి కాదు, గని. ఢిల్లీ మేస్త్రీలు ‘బదర్‌పూర్’ అని పిలిచే ఎర్రటి ఇసుకను ఇక్కడి రాతిపొరల్లోంచి తవ్వి లారీలకెత్తేవారు. గోడల గిలాబాకూ, కాంక్రీటుకూ దానిని మించినది లేదని పేరు. రాజధానిలో తరాల తరబడి లేచిన ఇళ్లలో ఈ కొండల పొడి కలిసి ఉన్నది. కొండ స్థానంలో మిగిలినవి తాటిచెట్ల లోతున దిగిన గోతులు. ప్రమాదాల దరిమిలా 1990 ప్రాంతంలో తవ్వకాలు ఆగాయి. ఆ గోతులలో ఊటనీరు, వాననీరు నిలిచి చెరువులయ్యాయి. వాటిలో ఒకదాన్ని ‘నీలీ ఝీల్’ అంటారు. ఎర్రని రాతిగోడల నడుమ ఆ నీలిమ చూచి ముచ్చటపడని యాత్రికుడు ఉండడు. అది కొండకు తగిలిన గాయమని తెలిశాక ఆ ముచ్చట కొంత తగ్గుతుంది.

గని ఆగినా, తవ్విన చేతులు అక్కడే ఉండిపోయాయి. దేశవిభజన నాడు పాకిస్తాను ప్రాంతాలనుంచి వచ్చిన ఓడ్ కులస్థులు వీరిలో ముఖ్యులు. మన్ను తవ్వడం, బావులు, చెరువులు తీయడం వారి కులవృత్తి. మన వడ్డెరల వృత్తి అదే. పేర్లు కూడా దగ్గరి చుట్టాల్లా వినిపిస్తాయి. గంగను నేలకు దించిన భగీరథుడే తమ మూలపురుషుడని వారు చెప్పుకుంటారు. రాజధానికి ఇసుక తవ్విపెట్టినవారి కాలనీ, గని అభయారణ్యంగా మారిన మరునాటినుంచి అక్రమ నివాసమైంది. దానిని తొలగించే వ్యవహారం ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగింది. వన్యప్రాణి రక్షణ గురించి వ్రాసేవారు సామాన్యంగా ఈ పుటను త్వరగా తిప్పేస్తారు.

2000వ సంవత్సరంలో భట్టీ గోతులను ప్రాదేశిక సైన్యానికి చెందిన పర్యావరణ దళానికి అప్పగించారు. మాజీ సైనికులతో ఏర్పడిన ఈ దళం రాతినేలలో గుంటలు తీసి, ట్యాంకర్లతో నీరు మోసి, వేసవి వడగాడ్పులకు కాపలా కాసి మొక్కలు పెంచింది. వారు పెంచిన చెట్ల నీడలోకే క్రమంగా జంతువులు తిరిగి వచ్చాయి. చిట్టచివరకు చిరుత వచ్చింది. దారిపక్క కొయ్యలకు అమర్చి, కదలిక తగిలితే తమంతట తామే ఛాయాచిత్రం తీసే కెమెరాలతో జరిపిన పరిశీలనలో ఎనిమిది చిరుతలను వేర్వేరుగా గుర్తించినట్లు 2022లో వెల్లడైంది. మనిషికి వేలిముద్రలున్నట్లే చిరుతకు ఒంటిమీది మచ్చలు. ఒకదాని మచ్చల అమరిక మరొకదానికి ఉండదు.

ఎనిమిది చిరుతలకు ముప్పైరెండు చదరపు కిలోమీటర్లు చాలునా? చాలవు. అవి ఎక్కడినుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయి అన్నదే అసలు ప్రశ్న. సమాధానానికి ముందు, నగరపు ఒడిలోనే సింహాలను పెంచుకున్న మరో రాజధానిని తలచుకోవడం అవసరం.

కెన్యా రాజధాని నైరోబీ. ఆంగ్లేయులు తలపెట్టిన ఉగాండా రైలుమార్గం కోసం భారతదేశంనుంచి ముప్పైవేలకు పైగా కూలీలు సముద్రం దాటి వెళ్లారు. ఆ మార్గపు మజిలీగా 1899లో పుట్టినదే ఆ నగరం. నగర నడిబొడ్డుకు ఏడు కిలోమీటర్ల దూరంలో 117 చదరపు కిలోమీటర్ల జాతీయ వనం ఉన్నది. ఉదయం బడి గంట కొట్టకముందే నగరవాసి ఒకడు కారులో వెళ్లి సింహాన్నీ, జిరాఫీనీ, నల్ల ఖడ్గమృగాన్నీ చూసి ఆఫీసు వేళకు తిరిగి రావచ్చు. జిరాఫీ మెడ వెనుక ఆకాశహర్మ్యాలు నిలబడ్డ ఛాయాచిత్రం ప్రపంచమంతా చూసినదే.

ఆ వనం పుట్టుక వెనుక ఒక చమత్కారం ఉన్నది. నైరోబీలోనే జన్మించిన మెర్విన్ కోవీ, మైదానాల్లో జంతుసంపద క్షీణిస్తున్నా పట్టించుకునే నాథుడు లేడని గమనించి, ‘పాత వలసదారు’ అన్న మారుపేరుతో పత్రికకు ఒక లేఖ వ్రాశాడు. ఈ అడవి జంతువులతో ప్రయోజనమేమున్నది, అన్నింటినీ కాల్చి పారేయండి అని దాని సారాంశం. ఊహించినట్లే జనం భగ్గుమన్నారు. ఆ ఆగ్రహమే ఉద్యమమై 1946లో కెన్యా తొలి జాతీయ వనం అవతరించింది. దానికోసం ఆ మైదానాల్లో పశువులు మేపుకునే మాసాయి ప్రజలు తొలగవలసి వచ్చిందన్నది మెర్విన్ కోవీ కథ చెప్పేటప్పుడు అంతగా వినిపించని భాగం.

నైరోబీ వనానికి నగరం వైపున, తూర్పు పడమరల్లోనూ విద్యుత్తు కంచె ఉన్నది. దక్షిణాన మాత్రం లేదు. మ్బగాతి నది దాటితే కిటెంగెలా, అథీ-కపీతి మైదానాలు. వర్షాకాలంలో చారల గుర్రాలు, వైల్డ్‌బీస్ట్ మందలు ఆ మైదానాలకు మేతకు పోయి, ఎండలు ముదిరాక నీటికోసం వనంలోకి తిరిగి వస్తాయి. వాటి వెంట సింహాలు. ఈ రాకపోకలే ఆ వనానికి శ్వాస. అయితే ఆ దక్షిణ మైదానాలు ప్రభుత్వానివి కావు, మాసాయి కుటుంబాలవి. నగరం ఉబ్బిన కొద్దీ ఎకరం ధర పెరిగి, భూమి ముక్కలై, ముక్కముక్కకూ కంచె లేచింది. 2000లో ఒక స్వచ్ఛంద పథకం మొదలైంది. భూమికి కంచె వేయకుండా, గనులు తవ్వకుండా, జంతువులను అడ్డగించకుండా ఉంచే కుటుంబాలకు ఎకరానికి ఏడాదికి నాలుగు డాలర్ల చొప్పున కౌలు చెల్లించారు. పిల్లల బడి జీతాలు కట్టే నెలలకు సరిపోయేలా ఆ సొమ్మును వాయిదాలుగా ఇచ్చారు. ఆలోచన మంచిదే. కాని రాజధాని శివార్లలో భూమి ధర పలికే రోజున నాలుగు డాలర్లు ఏ మూలకు? పథకం కొంత భూమిని ఆపింది, కొంత చేజారింది. ఈ లోపల ప్రభుత్వమే వనంపై మరో గీత గీసింది. 2019లో ప్రారంభమైన కొత్త రైలుమార్గం, ఆరు కిలోమీటర్ల పైచిలుకు వంతెన మీద, వనానికి అడ్డంగా సాగిపోతుంది. జిరాఫీలు ఇప్పుడు ఆ స్తంభాల నడుమ మేస్తున్నాయి.

2016 మార్చిలో మొహాక్ అని పిలిచే మగసింహం వనం దక్షిణాన దారితప్పి జనావాసాల చేరువకు పోయింది. చుట్టూ గుంపు మూగింది. బెదిరిన మృగం ఒకరిని గాయపరచింది. కాపాడవలసిన సిబ్బందే దానిని కాల్చి చంపారు. అదే యేడు నవంబరులో, ఇక్కడ గురుగ్రామ్ జిల్లా మండావర్ గ్రామంలోకి వచ్చిన చిరుత కొందరిని గాయపరచింది. గ్రామస్థులు కర్రలతో కొట్టి చంపారు. రెండు ఖండాలు, రెండు మృగాలు. రెండు చోట్లా దారి మూసుకుపోయిందని మృగానికి చెప్పినవారు లేరు.

అసోలా అడవికీ అలాంటి దక్షిణపు ద్వారమే ప్రాణం. ఉత్తరాన నగరం. దక్షిణాన హర్యానా సరిహద్దు. పటంలో అది గీతే అయినా, నేల మీద కొండ కొండకు కలిసే ఉన్నది. ఫరీదాబాద్, గురుగ్రామ్ జిల్లాల మీదుగా అరావళి కొండలు రాజస్థానం వైపు సాగిపోతాయి. చిరుత వచ్చినది ఆ దారినే. ఢిల్లీ తన అడవికి ఎన్ని ప్రహరీలు కట్టినా, దాని ఆయువు పట్టు పొరుగు రాష్ట్రంలో ఉన్నది.

ఆ దిక్కు కూడా ఇరుకవుతున్నది. గురుగ్రామ్-ఫరీదాబాద్ రోడ్డు అడవిని నిలువునా కోసిపోతుంది. రాత్రివేళ దానిని దాటబోయి వాహనాల కింద పడి చిరుతలు చచ్చిపోవడం ఒకటికి మించి జరిగింది. హర్యానా కొండల్లో గనుల తవ్వకాన్ని సుప్రీంకోర్టు 2002లో అడ్డుకున్నది, 2009లో మరింత కట్టుదిట్టం చేసింది. అక్కడి అడవులకు ఆసరాగా ఉన్నది 1900 నాటి పంజాబు భూసంరక్షణ చట్టం. అదీ నేల కోతపడకుండా చేసిన చట్టమే గాని మృగాల కోసం చేసినది కాదు. 2019లో హర్యానా శాసనసభ ఆ చట్టాన్ని సడలించబోతే సుప్రీంకోర్టు కన్నెర్రజేసింది. ఆ చట్టం కింద ప్రత్యేక ఉత్తర్వులున్న భూములు అడవులేనని 2022లో తీర్పు చెప్పింది.

కాగితం మీద ఇది అడవికి విజయమే. నేల మీద దాని ధర ఎవరు చెల్లించారన్నది వేరే లెక్క. అసోలా సరిహద్దుకు దగ్గరలో, ఒకప్పటి రాతిగనుల కూలీలు వేసుకున్న గుడిసెలతో మొదలై పెరిగిన ఊరు ఖోరీ గావ్. అది అటవీ భూమి గనుక ఆరు వారాల్లో ఖాళీ చేయించాలని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోవిడ్ రెండో విడత ఇంకా పూర్తిగా అడగని రోజులవి. నడివానల్లో వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. అదే కొండల మీద ఉన్న విలాస విడుదులకూ, పెళ్లిళ్లు జరిగే తోటలకూ బుల్డోజరు అంత తొందరగా దారి కనుక్కోలేకపోయింది. చిరుతకు దారి విడవవలసినదే, సందేహం లేదు. ఆ దారిలో ముందుగా తొలగవలసినవారు ఎప్పుడూ గుడిసెవారే కావడం మాత్రం ప్రకృతి ధర్మమేమీ కాదు.

నలువైపులా కంచె వేస్తే పీడ విరగడవుతుందని కొందరంటారు. ఆ పద్ధతి మన హైదరాబాదువారికి పరిచితమే. వనస్థలిపురం దగ్గర, ఒకప్పటి నిజాముల వేటమైదానంలో, మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా 1975లో ఏర్పడిన హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్ల ద్వీపం. చుట్టూ నగరం, నడుమ కృష్ణజింకలు. జింకకు అది సరిపోతుంది. పెద్ద పిల్లికి సరిపోదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ నిశ్శబ్దంలో, మైలార్‌దేవ్‌పల్లి దగ్గర జాతీయ రహదారి మీద పట్టపగలు కూర్చున్న చిరుతను హైదరాబాదు ప్రజలు టెలివిజన్లలో చూశారు. దానికి పోవలసిన చోటు ఏదో ఉన్నది. మధ్యలో నగరం అడ్డం వచ్చింది.

సాకేత్‌వారికి ఈ సంగతి 2023 డిసెంబరులో ఇంటి గుమ్మం దాకా వచ్చింది. సైనిక్ ఫార్మ్స్ బంగళాల ప్రహరీ పక్కన చిరుత నడచిపోతూ కెమెరాకు చిక్కింది. అటవీశాఖ బోనులు పెట్టింది, ఎరలు కట్టింది, దండోరా వేసింది. పిల్లలను బయటికి పంపవద్దన్నారు. ఉదయపు నడకలు ఆగిపోయాయి. మెట్రోకు నడిచిపోయే దూరంలో పులి అన్న వార్త కొన్ని రోజులు టీ అంగళ్లను వేడెక్కించింది. పది కిలోమీటర్ల లోపున ఒక అడవి ఉన్నదన్న విషయం చాలామందికి ఆ వారమే తెలిసింది.

సాయంకాలం ద్వారం మూసే వేళకు ముందు, భట్టీ వైపు గోతి అంచున నిలబడితే రెండు దిక్కులూ ఒకేసారి కనిపిస్తాయి. ఉత్తరాన ఇళ్ల కప్పులు, వాటిమీద నల్లని నీళ్ల ట్యాంకులు, దుమ్ములో కలిసిపోయిన ఆకాశం. దక్షిణాన ఒకదాని వెనుక ఒకటి మసకబారుతూ పోయే కొండలు, అక్కడక్కడ కొత్తగా లేచిన గోడలు, వాటి నడుమ ఇంకా మిగిలిన ఖాళీలు. కింద నీలిరంగు నీటి పక్కన తడిమట్టి మీద మనుబోతుల గిట్టల గుర్తులు ఒకదానిపై ఒకటి పడి చెదిరిపోయి ఉంటాయి. కాపలావాడు ఈల వేసి, పొద్దు వాలుతున్నది, ఇక బయలుదేరండి అంటాడు. రాత్రి అక్కడ తిరిగేవారికి వేరే వేళలున్నాయి.